బాణం గుర్తు మాస్టారు

నొప్పి విషయంలో నాతో పోటీకి నిలబడే మగాడు ఇంకా పుట్టలేదు. పళ్ళ డాక్టరు నా దవడపన్ను పీకుతుంటే నేను ఆయనకి నోరు తెరుచుకునే ఎరువుల ధరలు వివరించాను. పన్ను ఊడి వచ్చాక ఆయన చేతులే వణికాయి. భుజం తట్టి కుర్చీలో కూర్చోబెట్టాను. సూది, కత్తెర, నిప్పు, రక్తం, ఏదైనా సరే, రెప్ప వెయ్యని మనిషిని. అందుకే మా బావమరిదికి చేతి మీది పచ్చబొట్టు తీయించుకోవలసిన అవసరం పడినప్పుడు, తోడుగా ఎవరు వెళ్ళాలన్న చర్చే మా ఇంట్లో రాలేదు.

మా బావమరిది డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, కాలి కింద తన సొంత బ్రేకు పెట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల భయాన్ని తను భరించడం ఆయన ఉద్యోగం. ఆ సీట్లో ఆయన ఆకారం అచ్చు పడిపోయింది. వేరేవాళ్ళు కూర్చుంటే ఒక పక్కకి ఒరుగుతారు.

సోమవారం పొద్దున యజమానురాలు ఆయన్ని ఆఫీసు గదిలోకి పిలిచింది. పాత యజమాని కూతురు, ఈ మధ్యే స్కూలు చేతికి తీసుకుంది. ఆ అమ్మాయికి డ్రైవింగ్ నేర్పింది కూడా ఈయనే. తాళాల కొక్కేల కింద, కోసి చూపించే పాత గేరుబాక్సు పక్కన నిలబడి ఆయన టోపీ తీశాడు.

"బాబాయ్, నిన్న ఒకావిడ కొడుకుని చేర్పించడానికి వచ్చి, నీ చెయ్యి చూసి వెనక్కి తీసుకెళ్ళిపోయింది."

"చెయ్యి ఏం చేసిందమ్మా?"

"చెయ్యి కాదు, దాని మీద బాణం. జైల్లో వేయించుకున్నదా అని అడిగింది నన్ను."

ఆయన ఎడమ చేతిని టోపీ కింద దాచాడు. మణికట్టు దాటగానే, అరచేతి వెనక వైపున, చిటికెన వేలి వైపుకి తిరిగి ఉన్న బొద్దు నల్లబాణం. కొంచెం దూరం నుంచి చూస్తే చేపలా ఉంటుంది.

"అసలెందుకు వేయించుకున్నావు?"

"కుర్రతనం," అని నీళ్ళు నమిలాడు.

"లేజరుతో తీసేస్తున్నారట. ఖర్చు నాది. తీయించుకో బాబాయ్. లేదంటే బండి దిగి, ఇక్కడ బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తు. ఇంకో సంగతి కూడా ఉంది. పరీక్షలో తప్పేవాళ్ళు నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ. ఎందుకో నువ్వు కూడా ఆలోచించు."

సాయంత్రం మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నాడు. మా ఆవిడ, అంటే ఆయన అక్క, వంటింట్లోంచి గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

"అది తీసేస్తే నీకు ఎడమేదో కుడేదో ఎట్లా తెలుస్తుందిరా తమ్ముడూ?"

ఇదీ అసలు సంగతి. ఊళ్ళో సగంమందికి బండి నేర్పిన ఈ మాస్టారుకి పుట్టి బుద్ధెరిగి ఎడమేదో కుడేదో తెలియదు. తినే చెయ్యి కుడి అని అందరికీ చెబుతారు, ఈయన రెండు చేతులతోనూ తింటాడు. బడిలో ఎడమ చేత్తో రాస్తున్నాడని పంతులు బెత్తంతో కుడికి మార్పించాడు. అప్పట్నుంచి రెండు చేతులూ ఆయనకి సొంతమే, ఏది ఏదన్నది మాత్రం అయోమయం. బాణం ఎటు చూపిస్తే అది ఎడమ. అది లేని చెయ్యి కుడి. ఇది తెలిసిన మనుషులు మేమిద్దరమే.

"ఆ అమ్మాయికి ఉన్నమాట చెప్పెయ్యకూడదూ?" అన్నాను.

"ఏమని చెప్పను బావా? మీ మాస్టారుకి దిక్కు తెలియదు, అయినా మీ పిల్లల్ని నాతో పంపండి అనా?" అని చేతి వైపు చూసుకున్నాడు. "బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తడం నావల్ల కాదు. నాకా సీటు కావాలి. చర్మం పోతే పోనీ."

మర్నాడు ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. తెల్లటి చిన్న గది. మధ్యలో పడక కుర్చీ, దాని పక్కన బీరువా అంత మెషీను, దాన్నుంచి వంగిన పొడవాటి చెయ్యి, చివర పెన్నులాంటి ముక్కు. డాక్టరమ్మ చిన్నావిడే. ఒక్కో మాటా తూకం వేసి పెట్టినట్టు మాట్లాడింది.

"ఎడమ చెయ్యి ఇక్కడ పెట్టండి," అంది.

మా బావమరిది రెండు చేతులూ పైకెత్తి, బాణం చూసుకుని, ఆ చెయ్యి పెట్టాడు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది గడియారం వైపు చూశాను.

ముందు తిమ్మిరి మందు పూసి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, చాలాసేపు కూర్చోబెట్టారు. ఆ వ్యవధిలో మా బావమరిది తన సందేహాలన్నీ ఒలకబోశాడు.

"ఇవాళే పోతుందా అమ్మా?"

"ఇవాళ పోదండీ. ఇవాళ మొదలవుతుంది. లేజరు రంగుని కాల్చెయ్యదు. చర్మం లోపలే పలుకులు పలుకులుగా పగలగొడుతుంది. ఆ పలుకుల్ని మీ ఒళ్ళే మెల్లగా మోసుకుపోయి పారేస్తుంది. దానికి వారాలు పడుతుంది. మళ్ళీ రెండు నెలలకి వస్తే మిగిలినదాన్ని కొడతాం."

"అట్లా ఎన్నిసార్లు?"

"ఇప్పుడే చెప్పలేను. నల్లరంగు కాబట్టి మాట వింటుంది. ఆకుపచ్చ, నీలం అయితే మొండికేస్తాయి."

"గుర్తు లేకుండా పోతుందా?"

"చాలావరకు పోతుంది. లేత మచ్చ మిగలొచ్చు. అద్దం తుడిచినట్టు చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి."

"నొప్పి?"

"రబ్బరు బ్యాండు లాగి చర్మం మీద వదిలినట్టు ఉంటుంది. వెంటనే వేడి నూనె చుక్క చిందినట్టు. అదే చాలాసార్లు."

ఆయన మొహం పాలిపోయింది. నేను భుజం తట్టి, "రబ్బరు బ్యాండుకి భయపడతావేంరా," అన్నాను. తర్వాత ముగ్గురికీ నల్లకళ్ళద్దాలు ఇచ్చారు. గదిలో ముగ్గురం కలిసి ఎవరి గోడకో కన్నం వెయ్యబోతున్నట్టు కనిపించాం.

మెషీను టక్కుటక్కుమంది. ప్రతి టక్కుకీ మా బావమరిది బొటనవేళ్ళు చెప్పుల్లో ముడుచుకున్నాయి. వెంట్రుకలు మాడిన వాసన వచ్చింది. బాణం తోక నుంచి మొదలుపెట్టి ముక్కు ముందుకు జరుగుతుంటే, నలుపు ఉన్న చోటల్లా తెల్లగా నురగ కట్టినట్టు పొంగింది. "అది కాసేపట్లో దిగిపోతుంది, కంగారు పడకండి," అన్న డాక్టరమ్మ మాట నాకు బావిలోంచి వినపడింది. గోడ గడియారం కొంచెం పక్కకి ఒరిగింది. తర్వాత నాకు తెలిసింది నేల చల్లగా ఉండటం ఒక్కటే.

కళ్ళు తెరిచేసరికి మా బావమరిది కట్టుకట్టిన చేత్తో నా తల పట్టుకుని, రెండో చేత్తో నాకు నీళ్ళు తాగిస్తున్నాడు. లేజరు ఆయన చేతిని కొడితే పడింది నేను. ఎలాగూ పరువు పోయింది కాబట్టి పళ్ళ డాక్టరు సంగతి కూడా ఇక్కడే సరిచేస్తాను. ఆ రోజు భుజం తట్టింది ఆయన, వణికింది నేను, ఎరువుల ధరలు ఎవరూ మాట్లాడలేదు.

బయల్దేరేముందు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. బొబ్బ లేస్తే చిదమకూడదు. పెచ్చు కట్టి దురద పెడుతుంది, గిల్లకూడదు. మందు రాసి కట్టు మార్చుకోవాలి. ఎండ తగలనివ్వకూడదు. ఇవన్నీ ఆయనకి చెప్పి, నన్ను మాత్రం మెట్లు దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకోమంది.

ఆ రాత్రి చెయ్యి పూరీలా పొంగింది. పొద్దునకి వాపు కొంత దిగి, బాణం మీద రెండు నీటిబొబ్బలు లేచాయి. మా ఆవిడ కొత్త గుడ్డతో కట్టు మార్చింది. ఆయన గుబులుగా బండెక్కాడు. మధ్యాహ్నం ఫోను చేశాడు.

"బావా, ఏమీ తేడా లేదు. కట్టు ఉన్నది ఎడమ. నేర్చుకునేవాళ్ళు కూడా ఎప్పటిలాగే తిప్పుతున్నారు. పైగా మండుతూ ఉంటుంది కదా, చూసుకోవాల్సిన పని కూడా లేదు."

"మరి మంట తగ్గాక?"

"దురద వస్తుందని చెప్పింది కదా డాక్టరమ్మ."

"దురద తగ్గాక?"

ఫోను పెట్టేశాడు.

గురువారం జరిగినదానికి నేను సాక్షిని కాను. కానీ ముగ్గురు మనుషుల దగ్గర విడివిడిగా విన్నాను, బండిలో నేనూ ఉన్నట్టే చెప్పగలను. ఆ పొద్దున యజమానురాలు ఆయన కట్టు చూసి మొహం చిట్లించింది. యాక్సిడెంటు చేసుకొచ్చినట్టు కనిపిస్తున్నావంటూ తెల్లటి నూలు గ్లౌజులు ఇచ్చింది. ఒక చేతికే వేసుకుంటే గారడీవాడిలా ఉంటుంది, రెండింటికీ వేసుకోమంది. ఎండ కూడా తగలదు కాబట్టి ఆయన సంతోషంగా వేసుకున్నాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి తన బ్యాగు తీసుకుని, ఆయన బండి వెనక సీట్లో కూర్చుంది.

"నేనూ వస్తాను బాబాయ్. ఇవాళ నీ పాఠం చూస్తాను."

ఆ పాఠం బేకరీ ఆవిడకి. ఆవిడ రొట్టెలు పంచే వ్యాను నడిపే మనిషి మానేశాడు, ఆవిడే నడపాలి, లైసెన్సు లేదు. అప్పటికి మూడుసార్లు పరీక్ష తప్పింది. శనివారం మళ్ళీ పరీక్ష. గోళ్ళ సందుల్లో పిండి, స్టీరింగు మీద పదివేళ్ళ గుర్తులు. అద్దంలో యజమానురాలిని చూసి, "పెద్దవాళ్ళొచ్చారా, అయితే ఇవాళ తప్పకుండా ఎవరినో గుద్దుతాను," అంది.

వీధి చివరిదాకా బాగానే నడిపింది. గేరు మార్చినప్పుడల్లా నాలుక బయటపెట్టింది గానీ బండి ఎగరలేదు. మా బావమరిది కాలు తన బ్రేకు మీద ఊరికే ఆనించి ఉంది. గ్లౌజు లోపల చెయ్యి మండుతూ ఉంది. అది ఎడమ. ఇంక దిగులేముంది అనుకున్నాడు.

నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. ఎర్రదీపం. ఆయన తన అలవాటు ప్రకారం ఆ మండుతున్న చెయ్యి తెచ్చి డాష్‌బోర్డు మీద బోర్లా పెట్టాడు. వేలు పెట్టి చూపడం మర్యాద కాదని పాత యజమాని నేర్పిన పద్ధతి అది.

"ఎడమకి తిప్పాలమ్మా."

ఆవిడ ఆ గ్లౌజు వైపు చూసింది. ఆయన మోకాలి మీదున్న రెండో గ్లౌజు వైపు చూసింది. పచ్చదీపం వచ్చింది. బండి కదల్లేదు.

"ఎడమకండీ," అన్నాడు మళ్ళీ.

"అదే మాస్టారూ. ఏదది?"

"ఇదే," అని చెయ్యి ఆడించాడు.

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదండీ."

వెనక హారన్లు మొదలయ్యాయి. యజమానురాలు ముందుకి వంగింది.

"ఎడమంటే ఎడమేనమ్మా. అందులో చేతులు చూడాల్సిందేముంది?"

"చూడకపోతే నాకెట్లా తెలుస్తుంది తల్లీ? బాణమున్న చెయ్యి పెడితే బాణం చూపించిన వైపు, లేని చెయ్యి పెడితే ఆ రెండో వైపు. ఆయన నోటితో ఏమంటారో నేనెప్పుడూ వినలేదు. నిన్న కట్టు ఉంది, దాంతో సరిపెట్టుకున్నాను. ఇవాళ రెండింటికీ తొడుగులు తొడుక్కొచ్చి నన్నడిగితే నేనేం చెప్పను?"

"మరి పరీక్షలో ఎవరి చెయ్యి చూశారు?"

"అదే కదా నా ఏడుపు. ఆ ఆఫీసరు చేతుల మీద ఏమీ లేదు. మూడుసార్లూ వెతికాను."

దిక్కు తెలియనిది తనొక్కడికే అనుకున్నాడు మా బావమరిది ఇన్నేళ్ళూ. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళు పరీక్షలో ఎందుకు తప్పుతున్నారో ఆ హారన్ల మధ్య, ఆ దీపం కింద అర్థమైంది. వాళ్ళకి ఆయన మాట నేర్పలేదు. తన చెయ్యి నేర్పాడు. పరీక్షకి ఆ చెయ్యి వాళ్ళ వెంట వెళ్ళలేదు.

"బాబాయ్," అంది వెనక నుంచి యజమానురాలు, గొంతు తగ్గించి. "నీకు తెలుసు కదా?"

ఆయన అద్దంలోకి చూడలేదు. "తెలియదమ్మా. దాన్ని చూసే చెబుతాను. అందుకే వేయించుకున్నాను."

"నాకు నేర్పినప్పుడు?"

"అప్పుడూ అంతే."

ఆ అమ్మాయి వెనక్కి జారగిలబడింది. తర్వాత నాతో తనే చెప్పింది. ఇప్పటికీ మలుపు దగ్గర తన కళ్ళు ఒక్కసారి పక్క సీటు వైపు పోతాయట. ఎందుకో ఎప్పుడూ తోచలేదట. ఆ మాట మాత్రం అప్పుడు అనలేదు. ఏమీ అనకపోయేసరికి ఆయన అర్థం చేసుకున్నాడు. సీటు బెల్టు విప్పుకున్నాడు. ఇంక బండి దిగి, నడుచుకుంటూ వెళ్ళి, ఆ బల్ల దగ్గర కూర్చోవడమే.

వెనక లారీవాడు హారను మీద పడుకున్నాడు. బేకరీ ఆవిడ మెడ బయటపెట్టి, "ఆగవయ్యా, ఇక్కడొకాయన ఉద్యోగం పోతోంది," అని కేకేసి, ఆయన వైపు తిరిగింది.

"మీ సంగతులు తర్వాత తేల్చుకోండి. ముందు నా వైపు తిప్పాలా, మీ వైపు తిప్పాలా, అది చెప్పండి."

ఆయన ఆవిడ తలుపు వైపు చూశాడు. తన తలుపు వైపు చూశాడు. మోచేతి కింద అరిగిపోయిన రెగ్జిను, కిటికీ తిప్పే పిడి, అన్నీ ఎప్పుడూ ఉన్న చోటే ఉన్నాయి.

"నా వైపు," అన్నాడు.

బండి వెన్నలా తిరిగింది.

"ఇప్పుడు?"

"మీ వైపు."

"ఇప్పుడు?"

"నా వైపు. మెల్లగా. అద్దం చూడండి."

ఊరంతా తిరిగారు. ఒక్క మలుపు తప్పలేదు. ఇన్నేళ్ళుగా ఒకే సీట్లో కూర్చుని, ఆ సీటే ఒక వైపని ఆయనకి తోచలేదు. ఆయన ఉన్న వైపు పేరు ఎడమ, ఆవిడ ఉన్న వైపు పేరు కుడి. అంతే. ఆ రెండు పేర్లూ బేకరీ ఆవిడ ఆ రాత్రంతా పిండి పిసుకుతూ అప్పజెప్పుకుంది. ఒక గుప్పిట ఎడమ, ఒక గుప్పిట కుడి.

బండి స్కూలు ముందు ఆగాక, బేకరీ ఆవిడ వెళ్ళిపోయాక, మిగతా ఇద్దరూ బండిలోనే ఉన్నారు.

"మిగతాసార్లు నువ్వు ఆస్పత్రికి వెళ్ళనక్కర్లేదు బాబాయ్," అంది యజమానురాలు. "ఎవరో ఏదో అన్నారని నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"వెళ్తానమ్మా."

"ఎందుకు? నేను వద్దంటున్నాను కదా."

"నువ్వు వెళ్ళమన్నావని కాదు. అది ఉంటే మళ్ళీ అందరూ దాన్నే చూస్తారు. నేను కూడా."

"మరి నీకు?"

"నాకు సీటుంది కదా," అన్నాడు. "నువ్వు ఉండనిస్తే."

ఆ అమ్మాయి ముందుకి వంగి, స్టీరింగు దగ్గర వేలాడుతున్న తాళం తీసి, ఆయన గ్లౌజు చేతిలో పెట్టి గుప్పిట మూసింది. అది బొబ్బలున్న చెయ్యి. ఆయన అమ్మా అని మూలిగితే, తననే అంత ఆప్యాయంగా పిలిచాడనుకుని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

శనివారం పరీక్ష. పరీక్ష పెట్టే చోట, బయట బెంచీ మీద మా బావమరిది, నేను, ఒక సంచీడు వేడి రొట్టెలు. ఆఫీసరు ఎడమకి అన్నప్పుడల్లా బేకరీ ఆవిడ, "అంటే మీ వైపేగా బాబూ?" అని అడిగి తిప్పిందట. మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరుకి కూడా అదే నోటికి వచ్చి, "ఇప్పుడు మీ వైపు," అన్నాడట. ఆవిడ పాసైంది. బండి దిగి వచ్చి, మా ఇద్దరి చేతుల్లోనూ చెరో రొట్టె పెట్టింది.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ మా ఆవిడ ఇది చదివి, నా వైపు ఒక చూపు చూసింది. సరే, చెప్పేస్తాను. ఆవిడ పాసైందన్నది నా కల్పన. మలుపులన్నీ సరిగ్గానే తిప్పింది, ఆఫీసరు మాట కూడా నిజమే. చివర్న బండి వెనక్కి తీసి నిలబెట్టమంటే, నేరుగా తీసుకెళ్ళి మేం కూర్చున్న బెంచీకి ఆనించింది. మేం అప్పటికే లేచి పరిగెత్తాం కాబట్టి ఈ కథ రాయగలుగుతున్నాను. ఆవిడ నాలుగోసారి కూడా తప్పింది.

మా బావమరిది తాళం తిరిగి ఇచ్చెయ్యడానికి జేబులో పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. యజమానురాలు బండి వెనక సొట్ట చూసొచ్చి, "మలుపులు తప్పలేదు కదా బాబాయ్. సోమవారం నుంచి వెనక్కి తియ్యడం నేర్పు," అని ఫోను ఎత్తుకుంది. అది మాత్రం నేను కల్పించలేదు. నేనే కల్పిస్తే ఆ అమ్మాయి చేత ఇంకో నాలుగు మంచి మాటలు చెప్పించి ఉండేవాణ్ణి.